పారమ్మలోకి వచ్చినవాడు

శంభుచైతన్య సరిచూసి ఇచ్చిన రక్తం ఇంతవరకూ ఎవరికీ తేడా చేయలేదు. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు అతనే చెప్పేవాడు. అందుకే పారమ్మ మాటలకు అతనికి ఒళ్లు మండింది.

"ఎవులో వొచ్చినారు బాబూ," అంటోంది ఆమె, ఒంట్లోకి రక్తం ఎక్కుతుండగా మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని. "నా లోపలికి ఎవులో వొచ్చీసినారు. నాను సచ్చిపోతాను."

కొండ దిగువన ఆ ఆశ్రమానికో చిన్న ఆసుపత్రి ఉంది. దాన్ని నడిపే విదేహానందస్వామి కాషాయం కట్టకముందు డాక్టరు, కట్టాకా డాక్టరే. శంభు ఆయన శిష్యుడు, రక్తం సరిచూసే పని అతనిది. నెలసరి ఆగక రక్తం పోయి పోయి, పారమ్మ తెల్లకాగితంలా పాలిపోయి వచ్చింది. ఎక్కించకపోతే సాయంత్రానికి ఉండదు. ఆమెది బి పాజిటివ్, సంచీ బి పాజిటివ్. పేరు ఆమె చేతే చెప్పించాడు, చీటీ మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. ఇంకేం కావాలి?

"నీదీ ఇదీ ఒకటే గ్రూపమ్మా. ఊరికే భయపడకు," అన్నాడు.

ఆమె అతని వైపు చూడటం లేదు. మంచానికి ఎదురుగా ఉన్న ఖాళీ గోడను చూస్తోంది. ఒళ్లంతా చెమట, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బయట పట్టపగలే వానచీకటి కమ్మింది. గోడ దగ్గర ఎవరూ లేరని తెలిసీ శంభు కూడా ఒకసారి అటు చూశాడు. చూసినందుకు తనమీద తనకే చిరాకేసింది.

స్వామి వచ్చారు. ఒక్క మాటా అడగలేదు. నేరుగా వెళ్లి రక్తం ఆపేసి, గొట్టం మార్చి సెలైన్ పెట్టారు.

"అన్నీ సరిగ్గా చూశాను స్వామీ! మీరు ఆవిడ మాట పట్టుకుని..."

"ఇంట్లోకి ఎవరొచ్చారో ఇంట్లోవాళ్లకే కదా తెలిసేది," అన్నారు స్వామి. "పిల్లల సంగతి అడిగావా?"

"అడిగాను. ఎంతమంది పిల్లలంటే, లేరంది."

స్వామి పారమ్మ మీదికి వంగారు. "ఎంతమందిని కన్నావు తల్లీ?"

ఆమె గోడమీంచి చూపు తిప్పి ఆయన్ని చూసింది.

"ఇద్దర్ని బాబూ. పెద్దది జొరమొచ్చి పోనాది. రెండోవోడు... పుట్టిన మర్నాటికే పసుపు పూసినట్టు పచ్చగా అయిపోనాడు. పేరు పెట్టకముందే పోనాడు. నా రగతవే ఆడ్ని తినీసిందని మా అత్త అన్నాది."

ఇది శంభు చదువుకున్నదే. తండ్రి వైపునుంచి బిడ్డ రక్తంలోకి వచ్చినదేదో ఒక్కోసారి తల్లికి పడదు. ఎ, బి లాంటి పెద్ద గ్రూపులు కలిసినా పడకపోవచ్చు. ఒకసారి చూసినదాన్ని ఆమె రక్తం మరి మర్చిపోదు. ఏళ్ల తర్వాత ఎవరి సంచీలో ఎదురైనా, ఒంటి వేడిలో గుర్తుపట్టి మీద పడుతుంది.

"వెచ్చబెట్టి చూశావా?" అడిగారు స్వామి.

శంభు తల దించుకున్నాడు. వానకు కరెంటు పోయింది. జనరేటరు ఆపరేషన్ గదికే సరిపోతుంది. గాజు గొట్టాలను వెచ్చబెట్టే నీళ్లతొట్టి పొద్దుటినుంచీ చల్లగా పడివుంది. చల్లగానే కలిపి చూశాడు, తేడా కనపడలేదు, చాల్లే అనుకున్నాడు.

"నీళ్లు చల్లారిపోయాయి స్వామీ."

స్వామి అతన్ని పక్కగదికి తీసుకెళ్లారు. ముందే తీసి ఉంచిన పారమ్మ సీరంలో సంచీలోని రక్తం ఒక చుక్క కలిపి, ఆ చిన్న గొట్టాన్ని శంభు అరచేతిలో పెట్టారు. ఒక్కొక్క వేలే మడిచి పిడికిలి మూశారు.

"నువ్వు చల్లారలేదుగా," అని, పారమ్మ దగ్గరికి వెళ్లిపోయారు.

శంభు ఒక్కడే నిలబడ్డాడు. రేకుల మీద వాన. పిడికిట్లో గాజు మెల్లగా వెచ్చబడింది. తర్వాత లోపల ఏదో కొట్టుకోవడం మొదలైంది. అది తన నాడేనని తెలుసు. అయినా వేళ్లు తెరవాలంటే భయమేసింది.

తెరిచాడు. రక్తకణాలు కడిగి, పడని రక్తాన్ని ముక్కలు చేసి చూపే కూంబ్స్ సీరం చుక్కలు వేసి, కిటికీ వెలుతురులో గొట్టం వంచాడు. పొద్దున నున్నగా జారిన ఎరుపు ఇప్పుడు విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా ఉంది.

ఎవరో వచ్చారని ఆమె అన్నది నిజమే. తనే తీసుకొచ్చి లోపలికి పంపాడు.

ఫ్రిజ్‌లో ఉన్న ఆ గ్రూపు సంచులన్నీ బయటికి తీశాడు. ఒక్కొక్కదాన్లోంచి చుక్క తీసి పారమ్మ సీరంలో కలిపి, గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని, అదే పరీక్ష చేసి చూశాడు. ఒకటి విరిగింది, ఇంకోటీ విరిగింది. చివరికి ఒకటి నున్నగా నిలిచింది.

ఆ రక్తం బొట్టుబొట్టుగా దిగుతుంటే శంభు మంచం పక్కనే కూర్చున్నాడు. వాన తగ్గింది. పారమ్మకు వణుకు ఆగింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు. పొద్దున వింటే తనే నవ్వే మాట కూడా అడిగాడు. "ఇంకా ఉన్నారా... ఎవరైనా?"

పారమ్మ ఆ గోడంతా వెతికింది.

"ఎవులూ నేరు బాబూ. ఆడు మల్లీ ఎల్లిపోనాడు," అని ఏడ్చింది.

శంభు ఆమె చెయ్యి అందుకున్నాడు. చల్లగా ఉంది. రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, వెచ్చబడేదాకా వదల్లేదు.