చక్రం కింద సన్నికల్లు

అనకాపల్లిలో పైడిరాజు అనే లారీ డ్రైవరు ఉండేవాడు. నలుగురూ చూస్తుంటే అతనంత మంచివాడు లేడు, ఎవరూ చూడనప్పుడు ఎలా ఉంటాడో అతనికే తెలియదు.

ఎలా తెలుస్తుంది చెప్పండి? ఆ ఊళ్ళో ఎవరూ చూడని చోటంటూ ఉంటే కదా. బెల్లం మార్కెట్టు నుంచి విశాఖపట్నానికి దిమ్మలు తోలే లోకల్ లారీ అతనిది. బడి ముందు వేగం తగ్గించేవాడు. ఆ బడిలో పంతులమ్మ అతనికి పిన్ని. గుడి దగ్గర హారను కొట్టేవాడు కాదు. కొడితే సాయంత్రం పూజారిగారు ఎదురుపడి అడుగుతారు. ముసలమ్మ రోడ్డు దాటుతుంటే బండి ఆపి, దాటాకే కదిలేవాడు. ఆ ముసలమ్మ కోడలి నోరు ఎలాంటిదో మార్కెట్టు మొత్తానికి తెలుసు. "పైడిరాజు బంగారం" అనేవారు జనం. నిజమే కాబోలు అని అతనూ అనుకునేవాడు.

అతని లారీలో ఒక రాయి ఉండేది. టైరు మార్చేటప్పుడు బండి జారిపోకుండా చక్రం వెనక రాయి పెట్టాలి. మిగతావాళ్ళు దారిలో ఏది దొరికితే అది పెట్టేవారు. పైడిరాజు పెట్టేది వాళ్ళమ్మ సన్నికల్లు. పచ్చళ్ళు నూరి నూరి నడుం అరిగి అది రెండు ముక్కలైతే, పెద్ద ముక్కను తెచ్చి బండిలో వేసుకున్నాడు. సన్నికల్లంటే మీరెరగనిదా అమ్మా! పెళ్ళిలో పెళ్ళికూతురి చేత తొక్కిస్తాం. ఈ రాయిలా ఆ ఇంట్లో స్థిరంగా ఉండు తల్లీ అని దీవిస్తాం. పైడిరాజు భార్య నూకాలు తొక్కింది ఆ రాయినే.

ఒకసారి అతను ఆ రాయిని ఒక కిరాణా కొట్టు ముందు మరిచిపోయాడు. పొద్దుగూకేలోపే కొట్టు యజమాని సత్తెయ్య దాన్ని సైకిలు మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇదుగోనయ్యా, మీ అమ్మ సన్నికల్లు. ఎవరి కాలైనా విరిగుంటే పైనున్న ఆవిడకి తిట్లు పంపేవాడివి," అన్నాడు.

ఆ తర్వాత చాలాకాలం టీ కొట్టు దగ్గర కనబడినవాడల్లా రాయి క్షేమమా, రాయికి భోజనమైందా అని అడిగేవాడు. పైడిరాజు మళ్ళీ ఎన్నడూ ఆ రాయిని మరవలేదు. కానీ దాన్ని ఎత్తిన ప్రతిసారీ ఊరు ఊరంతా తన చేతులవంకే చూస్తున్నట్టుండేది.

చివరికి విసుగొచ్చింది. "ఇక్కడ తుమ్మితే పదిమంది చిరంజీవ అంటారు. నాకు ఊపిరాడటం లేదు నూకాలూ. లైను బండి ఎక్కేస్తాను," అన్నాడు.

లైను బండి అంటే రాష్ట్రాలు దాటి పోయే లారీ. నూకాలుకి ఇష్టం లేదు. అయినా అడ్డు చెప్పలేదు. ఒక్కటే కోరింది. "రాయిని వెంట తీసుకెళ్ళు, వెంట తీసుకురా. అది బండిలో ఉంటే నేను నీ పక్కన కూర్చున్నట్టే."

కలకత్తాకి బెల్లం తోలే లారీ దొరికింది. అందులో రెండో డ్రైవరు అప్పలస్వామి, ఆ దారిలోనే నెరిసినవాడు, దైవభక్తి గలవాడు. పైడిరాజు అతన్ని మావా అని పిలిచేవాడు. మొదటిరోజే ఆ పెద్దాయన స్టీరింగుకి దణ్ణం పెట్టించి చెప్పాడు. "లైను మీద మనకి చుట్టాలుండరు అల్లుడూ. రోడ్డే చుట్టం. దానికి చెడు చెయ్యకు."

పైడిరాజుకి మొదటి మాట ఒక్కటే వినబడింది.

చుట్టాలు లేరు! ఎంత హాయి! ఒడిశాలో బడి కనబడితే హారను మోగించుకుంటూ పోయేవాడు. అరటితొక్క కిటికీలోంచి ఎటు విసిరితే అటే. రోడ్డు దాటే ముసలమ్మలు ఇక్కడా ఉన్నారు కానీ, వాళ్ళ కోడళ్ళ నోరు అతనిదాకా రాదు. మావ మేలుకుని ఉంటే కాస్త తగ్గేవాడు, నిద్రపోతే మళ్ళీ మామూలే. చెడిపోయాడంటారా? లేదు నాయనా. చెడిపోవడానికి ముందు బాగుండాలి కదా. ఇన్నాళ్ళూ బాగున్నది ఊరి కళ్ళు.

ఒక సాయంత్రం శ్రీకాకుళం దాటి, కంచిలి అవతల ఒక పల్లె దగ్గర వెనక టైరు పేలింది. అప్పలస్వామికి ఆరోజు ఒళ్ళు కాలిపోతోంది, క్యాబిన్‌లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అక్కడ రోడ్డు కాస్త వాలు. పైడిరాజు సన్నికల్లు తీసి చక్రం వెనక ఆనించి, ఒక్కడే పానాతో నట్లు విప్పబోయాడు. అవి ఊడిరావు. పక్కనుంచి లారీలు గాలిలా పోతున్నాయి.

అప్పుడొక మనిషి పాలక్యాన్లు కట్టిన మోపెడ్ ఆపి దిగాడు. పేరు దండాసి, ఆ పల్లెవాడే. అడక్కుండానే పానా మీద రెండు కాళ్ళూ వేసి ఎగిరాడు. నట్టు కదిలింది. టైరు మార్చేదాకా ఉన్నాడు. జ్వరం మనిషి ఉన్నాడని తెలిసి క్యాన్లోంచి గ్లాసుడు పాలు పోసిచ్చాడు. చక్రం వెనకున్న రాయిని చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, లారీకి పచ్చడి నూరి పెడతావేటి?"

పైడిరాజు కూడా నవ్వి, అది తన తల్లి రాయి అని, పెళ్ళాం తొక్కిన రాయి అని చెప్పాడు. దండాసి వెళ్ళబోతూ మోపెడ్ స్టార్టు చేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"పాలు పోసేసి ఈ దారినే వస్తాను. చీకటి పడిపోద్ది, నా బండి లైటు గుడ్డిది. వెళ్ళినప్పుడు రాయి తీసెయ్యి బాబూ."

"ఎంతమాట! ఇంటికి పట్టుకెళ్ళాల్సిన రాయి," అన్నాడు పైడిరాజు.

దండాసి అటు వెళ్ళాడు. ఇటు చినుకులు మొదలయ్యాయి. పైడిరాజు లారీ ఎక్కి కాస్త ముందుకు కదిలించాడు. చక్రం బరువు తప్పాకే కదా రాయి వస్తుంది. ఇక దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, దాన్ని ఎత్తుకు రావాలి. అద్దంలో చూశాడు. తడుస్తున్న రోడ్డు మీద రాయి నల్లగా కనబడింది. చినుకు వానైంది. అక్కడ సత్తెయ్య లేడు. సైకిలు మీద రాయి తెచ్చేవాడు లేడు. క్షేమమా అని అడిగేవాడు లేడు. పోతే పోయింది, ఊరి పీడ విరగడైంది అనుకుని గేరు మార్చాడు.

దుప్పట్లోంచి మావ గొంతు వచ్చింది. "రాయి తీశావురా?"

"తీశాను మావా."

అంతే. అంతకంటే పెద్ద పాపమేమీ చెయ్యలేదతను. వానలో తడవడానికి బద్ధకించాడు, అంతే.

తిరిగి ఇంటికి వస్తే నూకాలు ముందు అడిగింది రాయి గురించే. కలకత్తా గోడౌనులో మరిచిపోయానని చెప్పాడు. "పోన్లే, ఈసారి వెళ్ళినప్పుడు అడిగి తెచ్చుకో," అంది.

మళ్ళీ లోడు పడింది. కంచిలి దాటేసరికి రోడ్డు పక్కన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కొత్త స్థలమట, డ్రైవర్లందరూ కొబ్బరికాయ కొట్టి వెళ్తున్నారట. అప్పలస్వామి బండి ఆపించాడు. ఇద్దరూ దిగి వెళ్ళారు.

చిన్న సిమెంటు గద్దె. దానిమీద నిలబెట్టిన ఒక రాయి. నిండా పసుపు, కుంకుమ, మందారపూల దండ. పసుపు కిందనుంచి ఉలి గంట్లు కనబడుతున్నాయి. నడుం దగ్గర అరిగిన వంపు. విరిగిన అంచు. పైడిరాజు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది అతనికి చిన్నప్పుడు కారప్పొడి నాకించిన రాయి.

అప్పలస్వామి పసుపునే చూశాడు, పసుపుకే మొక్కాడు. పక్కన కొబ్బరికాయల బుట్టతో కూర్చున్న ఆడమనిషిని ఏం జరిగిందమ్మా అని అడిగాడు. ఆమె దండాసి భార్య. వానలో, చీకట్లో, ఖాళీ క్యాన్లతో ఇంటికి వస్తూ తన పెనిమిటి ఈ రాయికి కొట్టుకున్నాడని చెప్పింది. పొద్దున్నదాకా ఎవరూ చూడలేదు, చూసేసరికి ప్రాణం లేదు. పల్లెవాళ్ళు కోపంతో రాయిని కాలవలో పడేస్తామన్నారు. ఈమే వద్దంది.

"సన్నికల్లు కదా బాబూ. ఏ ఇంటి కోడలు తొక్కిందో. పారెయ్యడానికి చేతులు రాలేదు. ఇలా నిలబెడితే వచ్చేపోయేవాళ్ళకైనా బుద్ధొస్తదని..."

తీశానన్న అల్లుడి మాట నమ్మినవాడికి అనుమానమెలా వస్తుంది? అప్పలస్వామి కళ్ళు తుడుచుకుని, ఆమెకి దణ్ణం పెట్టి, లారీ దగ్గరికి నడిచాడు. పైడిరాజు ఒక్కడే మిగిలాడు. చేతిలో కొబ్బరికాయ ఉంది. ఆమె రాయి మీది దండ సర్దుతూ అంది.

"ఇది వదిలినోడిని ఊరంతా తిడతన్నారు. నేను తిట్టలేదు. వాడికి తెలియదు పాపం. తెలిస్తే ఒక్కసారి వచ్చి చెప్పడా?"

పైడిరాజు నోరు తెరిచాడు. మాట పెదవిదాకా వచ్చింది.

"ఏ ఊరు బాబూ నీది?" అని అడిగిందామె.

అటూ ఇటూ చూశాడు. మావ దూరంగా ఉన్నాడు. అతన్ని ఎరిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. చూశారా, భగవంతుడు ఎంత దయామయుడో! తప్పిన పరీక్షనే తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టాడు.

"రాజమండ్రి," అన్నాడు పైడిరాజు.

కొబ్బరికాయ కొట్టాడు. ఆమె ఒక చెక్క తీసి అతని చేతిలో పెట్టి, చల్లగా వెళ్ళిరా నాయనా, నీ ఇంటిది ఎదురుచూస్తుంటాది అని దీవించింది.

తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళినా మావ అక్కడ ఆపించేవాడు. ఆమె గుర్తుపట్టి "రాజమండ్రి బాబూ, బాగున్నావా" అని పలకరించేది. ఆ పిలుపు భరించలేక పైడిరాజు లైను మానేసి, మళ్ళీ బెల్లం మార్కెట్టులో లోకల్ బండి ఎక్కాడు. బడి ముందు ఇప్పటికీ వేగం తగ్గిస్తాడు. ముసలమ్మలను ఇప్పటికీ దాటనిస్తాడు. "పైడిరాజు బంగారం" అని జనం ఇప్పటికీ అంటారు, అన్నప్పుడల్లా అతను తల దించుకుంటాడు. చక్రం వెనక మాత్రం చెక్కముక్క పెడతాడు. రాయిని ముట్టుకోడు. సన్నికల్లు సంగతి నూకాలు చాలాసార్లు అడిగింది. ఇప్పుడు అడగడం మానేసింది. కోర్టు వేసిన శిక్షకైతే ఏదో ఒకనాటికి తలుపు తీస్తారు. ఎవరూ వెయ్యని శిక్షకి తలుపెక్కడుంటుంది?

నలుగురూ చూస్తున్నారని చేసే మంచి ఊరి పొలిమేర దగ్గరే దిగిపోతుంది తల్లీ. మనల్ని ఎవరూ ఎరగని దారి కూడా ఎవరో ఒకరు ఇంటికి చేరే దారే గనక, అక్కడ వానలో దిగి తీసిన రాయే ధర్మం.