వాగులో నల్లరాయి

వల్లభశర్మకు అన్నం సయించక మూడు రోజులైంది.

పేరయ్య అవధానులుగారి దగ్గర తర్కం చదువుకునే ఏడుగురిలో అతనే ముందుండేవాడు. మనిషికి ఒక సంగతి తెలియడమంటే ఏమిటి, కంటితో చూస్తే ఎంత తెలుస్తుంది, చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఎంతవరకు ఊహించవచ్చు, నమ్మదగినవాడి మాట ఎప్పుడు చెల్లుతుంది... ఈ ప్రశ్నలతోనే అయిదేళ్ళు గడిపాడు. ఎవరేమన్నా "నీకెలా తెలుసు?" అని అడిగి నోరు మూయించడం అతనికి సరదా. ఇప్పుడు ఆ ప్రశ్న తనకే తగులుకుంది.

జరిగింది ఇది.

అవధానులుగారి పాఠశాల వాగు ఒడ్డున ఒక మట్టిదిబ్బ మీద ఉంది. కొండల్లో వాన పడితే ఆ వాగు చూస్తుండగానే పొంగుతుంది, చూస్తుండగానే తీస్తుంది. రేవుకు కాస్త దిగువన, నీళ్ళ మధ్య ఒక నల్లరాయి. దాని తల పైకి కనబడితే నీళ్ళు మోకాలి లోతే అని లెక్క, దాటవచ్చు. రాయి మునిగితే దిగకూడదు. అయితే రేవులో నిలబడ్డవాడికి రెల్లుపొదలు అడ్డం వచ్చి రాయి కనబడదు. దిబ్బ మీదికి ఎక్కితేనే కనబడుతుంది. అందుకని ఊరివాళ్ళు కింద దారిలో ఆగి, "పంతులుగారూ, రాయి కనబడతన్నాదా?" అని కేకేస్తారు. అరుగు మీద ఎవరుంటే వాళ్ళు చూసి చెబుతారు.

మూడు రోజుల కిందట మధ్యాహ్నం కుమ్మరి సింగన్న కేక వినబడింది. నులకమంచం మీద పెళ్ళాం నూకాల్ని పడుకోబెట్టి, అతనూ ముగ్గురు తమ్ముళ్ళూ మోసుకొస్తున్నారు. నొప్పులు మొదలై ఒక రోజు దాటింది. బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి తిరిగిన మంత్రసాని అవతలి ఒడ్డున ఉంది. చుట్టుదారిన వెళితే పొద్దుగూకిపోతుంది. ఆ పొద్దునే కొండల మీద మబ్బు పట్టి విడిచింది.

వల్లభశర్మ తాటాకుల్లోంచి తలెత్తి చూశాడు. ఎర్రనీళ్ళలో నల్లటి తల స్పష్టంగా ఉంది.

"కనబడుతోంది. నీళ్ళు మోకాలు దాటవు. వెళ్ళండి."

వెళ్ళారు. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. దాటారు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ ఒక మనిషి వచ్చి చెప్పిపోయాడు.

ఆ మనిషి దిబ్బ దిగుతుండగా వల్లభశర్మ వాగు వైపు చూశాడు. రాయి చెవులాడించింది. లేచి నిలబడింది. నీళ్ళు కారుస్తూ గట్టెక్కి, ఊరి వైపు నడిచిపోయింది.

గేదె.

అది లేచిన చోటికి రెండు బారల వెనక అసలు రాయి ఉంది. దాని తలా నీళ్ళకు పైనే ఉంది, ఎండలో పొడిగా. మధ్యాహ్నం నుంచీ గేదె దానికి అడ్డంగా పడుకుని ఉందన్నమాట.

అక్కణ్ణుంచి అతని మనసు గందరగోళమైపోయింది. నీళ్ళు తక్కువే ఉన్నాయన్నాడు, తక్కువే ఉన్నాయి. అనడానికి తన దగ్గర కారణమూ ఉంది, ఊరంతా ఒప్పుకునే కారణమే. నమ్మే చెప్పాడు. అబద్ధం ఎక్కడుంది? ఎక్కడా లేదు. మరి నీళ్ళు తక్కువున్నాయని తనకు తెలుసా? తెలుసనుకుంటే, గేదెను చూసి తెలుసుకున్నాడా? తెలియదనుకుంటే, తెలియకుండా నిజం ఎలా చెప్పాడు?

తోటివాళ్ళను అడిగాడు. ముగ్గురు తెలిసినట్టే అన్నారు. ముగ్గురు కాదన్నారు. భోజనాల దగ్గర ఒకరి మీద ఒకరు గొంతులు పెంచుకున్నారు. ఇది చాలదన్నట్టు మర్నాడు సింగన్న కొత్త కుండ ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టి, "మీ మాట మా ఇంటిని నిలబెట్టింది బాబూ. పిల్లకి పేరు మీరే ఎట్టాల" అన్నాడు. వల్లభశర్మ తల ఊపాడు. ఆ కుండను తాకబుద్ధి కాలేదు.

మూడోరోజు పొద్దున గురువుగారి దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. చెప్పి, "నాకు తెలిసినట్టా, తెలియనట్టా?" అని అడిగాడు.

అవధానులుగారు తాటాకులకు దారం కడుతున్నారు. ముడి బిగించి అడిగారు.

"సింగన్నకు చెప్పావా?"

"ఏమని?"

"గేదె సంగతి."

"లేదు గురువుగారూ. అందరూ క్షేమంగా ఉన్నారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"నూకాలు ఈ పొద్దునే ఇంటికి వచ్చిందట. వెళ్ళి చెప్పిరా."

అంతే. మళ్ళీ దారం అందుకున్నారు.

సింగన్న వాకిట్లో మట్టి తొక్కుతున్నాడు. వల్లభశర్మ నిలబడే చెప్పాడు. సింగన్న కాళ్ళు ఆపకుండా విని నవ్వాడు.

"అది మా ఎదురింటి అప్పాయమ్మ గేది బాబూ. ఎండెక్కితే అక్కడే పడుంటాది. అయితే ఏటైపోయింది? మీరు దాటమన్నారు, మేం దాటాం."

వల్లభశర్మకు గుండె మీది బరువు దిగినట్టయింది. వెనుదిరగబోతుంటే లోపలి నుంచి నూకాలు గొంతు వినబడింది. గడప అవతల చీకట్లో, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"బాబూ, ఆ గేది అక్కడ లేకపోతే ఏటని చెప్పుండేవోరు?"

"రాయి కనబడేది తల్లీ. ఆ మాటే చెప్పేవాణ్ణి."

"రాయి మునిగిపోయుండి, గేది ఉంటే?"

 సింగన్న కాళ్ళు మట్టిలో ఆగాయి.

"అప్పుడూ ఆ మాటే చెప్పేవాణ్ణి" అన్నాడు వల్లభశర్మ.

నూకాలు బిడ్డను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

వల్లభశర్మ దిబ్బ ఎక్కి వచ్చాడు.  ఆనాటి నుంచి ఏదీ గట్టిగా అనలేకపోయాడు. చారులో ఉప్పుందా అని వంటమనిషి అడిగితే, "ఉన్నట్టే అనిపిస్తోంది" అన్నాడు. తలుపు వేశావా అంటే వెళ్ళి మళ్ళీ చూసొచ్చాడు. వచ్చాక, తను చూసింది ఆ తలుపేనా అనుకున్నాడు.

రెండు రోజులకు కొండల్లో మళ్ళీ వాన పడింది. మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. కింద దారిలో నేతగాడు లచ్చన్న, పక్కన కర్ర పట్టుకుని అతని తల్లి. ఆ ముసలావిడ అక్క అవతలి ఒడ్డున చావుబతుకుల్లో ఉంది. చివరిచూపు కోసం బయలుదేరారు.

"పంతులుగారూ, రాయి కనబడతన్నాదా?"

అరుగు మీద వల్లభశర్మ ఒక్కడే ఉన్నాడు. లేచి నిలబడి చూశాడు. ఎర్రనీళ్ళు. నల్లటి తల. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"నల్లగా ఏదో కనబడుతోంది" అన్నాడు.

"రాయే కదా బాబూ?"

"రాయిలాగే ఉంది. రాయే అని చెప్పలేను."

"అయితే నీళ్ళు ఎక్కువున్నాయంటారా?"

"అదీ చెప్పలేను."

లచ్చన్న తల్లి వైపు చూశాడు. ఆవిడ దిబ్బ మీదికి చూసి తనే అడిగింది.

"దాటమంటారా, వద్దంటారా?"

వల్లభశర్మ అరుగు అంచు దాకా వచ్చి ఆగిపోయాడు.  దాటమంటే మొన్నటి తప్పే. వద్దంటే ఆ ముసలావిడకు అక్క చివరిచూపు దక్కదు. తెలియదనడం నిజమే. కానీ ఆ నిజం పట్టుకుని వాళ్ళు ఏం చేసుకుంటారు?

"పంతులుగారికి ఒంట్లో బాగున్నట్టు లేదురా" అంది ముసలావిడ కొడుకుతో.

అప్పుడు లోపలి నుంచి అవధానులుగారు వచ్చారు. రాయి వైపు చూడలేదు. మూల ఉన్న చేతికర్ర తీసుకున్నారు, పంచె పైకి ఎగ్గట్టారు, మోకాళ్ళ నొప్పికి ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిబ్బ దిగారు. డెబ్బై ఏళ్ళ మనిషి. వల్లభశర్మ తేరుకుని పరుగెత్తేసరికి ఆయన రేవులో దిగిపోయారు.

ముందు కర్ర దింపి, అది నేలకు తగిలాక అడుగు వేస్తున్నారు. మోకాళ్ళు మునిగాయి. వాగు మధ్యలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. అక్కడ కొంచెం తూలి నిలదొక్కుకున్నారు. అవతలి ఒడ్డు తాకి, అదే జాడలో వెనక్కి వచ్చారు.

"తొడల దాకా ఉంది లచ్చన్నా. మధ్యలో లాగుతోంది. అమ్మను వీపున ఎక్కించుకో. నేను నడిచిన చోటే నడువు."

లచ్చన్న తల్లిని ఎత్తుకుని దిగాడు. వాళ్ళు అవతలి గట్టు ఎక్కి చెట్లలో కనుమరుగయ్యేదాకా ఇద్దరూ నిలబడి చూశారు.

అవధానులుగారు రేవు మెట్టు మీద కూర్చుని పంచె పిండుకుంటున్నారు.  వల్లభశర్మ దగ్గరగా వచ్చాడు. ఐదు రోజులుగా తొలుస్తున్న ప్రశ్న ఆగలేదు.

"గురువుగారూ, ఇప్పుడు మీకు తెలిసినట్టేనా?"

ఆయన పంచె దులిపి వాగు వైపు చూశారు.

"నేను నడిచినప్పుడు ఎంతుందో తెలుసు. ఇంకో మనిషి వస్తే మళ్ళీ దిగాలి."

అది ఓదార్పో మందలింపో వల్లభశర్మకు తేలలేదు. గురువుగారి చేతిలోంచి కర్ర అందుకున్నాడు. నీళ్ళు ఎంత ఎత్తు వరకు వచ్చాయో కర్ర మీద తడి గుర్తును బట్టి చూడబోయాడు. అది అప్పుడే సగం ఆరిపోయింది.