జింకా చేపా, మధ్యలో ఏరు

అనగనగా ఒకటి కాదు, రెండు ఊళ్ళు. ఎక్కడో చలిదేశం జర్మనీలో, ఒక ఏటికి అటూ ఇటూ ఉండేవి. కొండవైపుది ఎగువూరు, వాళ్ళ జెండా మీద జింక. పల్లంవైపుది దిగువూరు, వాళ్ళ జెండా మీద చేప.

గిసెలా అని ఒకావిడ ఉండేది, కన్నా. కొయ్య మీద బొమ్మలు చెక్కడం ఆవిడ పని. పుట్టిల్లు దిగువూరు, మెట్టినిల్లు ఎగువూరు. అందుకని ఎగువూరివాళ్ళు చేపలదానివనేవాళ్ళు, దిగువూరివాళ్ళు జింకలదానివైపోయావనేవాళ్ళు. నవ్వేసి ఊరుకునేది గానీ, పాపం, మనసు చివుక్కుమనేది.

ఒకసారి ఆ సీమ దొర కబురంపాడు. రెండూళ్ళూ కలిసి ఒకే పట్నమైతే వారం వారం సంత పెట్టుకోమన్నాడు. కానీ పట్నానికి ఒక్కటే ముద్ర, అంటే డాలు మీద చెక్కిన బొమ్మ, ఉండాలట. ఆదివారంలోగా చూపించకపోతే సంత ఇంకో ఊరికి ఇచ్చేస్తాడట. ముద్ర చెక్కే పని గిసెలా మీద పడింది.

అప్పుడు ఆవిడ జింకని పైన, చేపని కింద చెక్కింది. మేం కిందా అని దిగువూరివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చేపని పైన పెట్టింది. ఎగువూరివాళ్ళు మూతి ముడుచుకున్నారు. ఆ తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టింది. కుడిచేతివైపు ఎవరని మళ్ళీ తగువు.

శనివారం పొద్దున్నే విసుగెత్తి, బొక్కెన పట్టుకుని ఏటికి వెళ్ళింది. అవతలి గట్టున దిగువూరి ఆడవాళ్ళూ నీళ్ళు ముంచుకుంటున్నారు. ఏటిని మాత్రం ఎవరూ చెక్కమనలేదే అనుకుంది గిసెలా.

గబగబా ఇంటికొచ్చి, డాలు మధ్యలో అలలు అలలుగా ఏరు చెక్కింది. గట్టు మీద జింక వంగి నీళ్ళు తాగుతోంది. నీళ్ళలోంచి చేప తలెత్తి దాన్నే చూస్తోంది.

ఎగువూరి పెద్ద చాలాసేపు చూశాడు. "మా జింక తల ఎందుకు వంచిందమ్మా?" అన్నాడు.

"దాహమేసింది, పెద్దయ్యా," అంది గిసెలా.

రోజూ ఆ పెద్దయ్య తాగేదీ ఆ నీళ్ళే మరి. సరేనని తలూపాడు. దిగువూరి పెద్దేమో, చేప ఇంకాస్త లావుగా ఉంటే బాగుండేదన్నాడు, అంతే.

దొర సంత ఇచ్చాడు. పట్నానికి ల్యూడెన్‌బాఖ్ అని పేరు పెట్టారు. మొదటి సంతనాడు గిసెలా బఠానీలు కొంటుంటే, దూరం నుంచి వచ్చిన వర్తకుడొకడు ఏ ఊరమ్మా నీదని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోగా, పక్కనున్న ఎగువూరావిడా దిగువూరావిడా ఒక్కసారే చెప్పారు.

"మా ఊరే."

ఆ పూట గిసెలా ఇంటికెళ్ళి, వేడివేడిగా బఠానీ చారు కాచుకుని, కడుపునిండా తాగి హాయిగా పడుకుంది. నువ్వూ ఇటు తిరిగి పడుకో, నాన్నా.

జింక కొండకి పోయె, చేప ఏటికి పోయె,
కథ కంచికి పోయె, కన్ను నిద్దర పోయె.