నూకాలు రాశి

సముద్రం ఊళ్ళోకి నడిచొచ్చి, తనంతట తనే వెనక్కి పోయే కాలం అది. అప్పుడో ఇసకదిబ్బ ఉండేది. దాని కింద ఒక జాలరిపల్లె. ఆ పల్లెలో చేపలు ఎండబెట్టుకుని బతికే నూకాలు ఉండేది.

గాలివానొస్తే జనం దిబ్బెక్కేవారు. అక్కడి పాకలో దాచిన ఎండుచేపలే అందరికీ తిండి. ఇంటికొక వాటా. ఎన్ని ఇళ్ళవాళ్ళు దిబ్బ చేరతారో ముందు ఎవరికి తెలుసు? ఒకసారి ఐదు, ఒకసారి ఏడు. పంచాక రెండో మూడో మిగిలేవి. "మిగిలిందెవరిది?" అని మొదలయ్యేది గొడవ. ముక్కలు చేస్తే తలెవరికి, తోకెవరికి అని ఇంకో గొడవ.

ఒక ఏడాది ఆ గొడవలోనే నూకాలు తమ్ముడు దానయ్య పక్కింటివాడి మీద చెయ్యి చేసుకున్నాడు. కోపంతో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, గాలిలోనే దిబ్బ దిగిపోయాడు. ఇద్దరూ మళ్ళీ కనబడలేదు.

నూకాలు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, గవ్వలు ఏరుకొచ్చి ఇసకలో కూర్చుంది.

చేపలనుకుని అరవై గవ్వలు పోసింది. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఐదుగురికి, ఆరుగురికి పంచింది. మిగల్లేదు. ఏడుగురికి పంచితే నాలుగు మిగిలాయి. మిగిలిందెవరిది? అలాంటి రాశులు ఏడు కలిపింది. నాలుగువందల ఇరవై. ఏడుగురికీ సరిపోయింది.

ఎనిమిదిమందికి పంచింది. మళ్ళీ నాలుగు మిగిలాయి. మిగిలిందెవరిది? అంతే రాశి ఇంకోటి పోసింది. నాలుగూ నాలుగూ ఎనిమిదయ్యాయి. మొత్తం ఎనిమిదివందల నలభై.

తొమ్మిదిమందికి పంచింది. మూడు మిగిలాయి. ఇలాంటి రాశులు మూడు పోస్తే మూడు మూళ్ళు తొమ్మిది కాదూ? పోసింది. రెండువేల ఐదువందల ఇరవై గవ్వలు. ఒక్కటీ మిగల్లేదు. పదిమందికి కూడా పంచింది. అదీ సరిపోయింది.

పరుగున ఊరి పెద్ద ఎర్రయ్య దగ్గరికెళ్ళింది.

"మావా, పాకలో రెండువేల ఐదొందల ఇరవై సేపలు దాసుదాం. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరక్కూడదు. పదిళ్ళలోపు ఎందరొచ్చినా గొడవుండదు."

"ఏటే, మంత్రమేసినావా?"

"మంత్రమేటి మావా, నువ్వూ పంచి సూడు."

ఎర్రయ్య ఆ గవ్వల దగ్గర కూర్చుని పంచాడు. ఆయన్ని చూసి పల్లెంతా వచ్చి పంచింది. లెక్కపెట్టి అన్నే చేపలు పాకలో దాచారు.

గాలివాన వచ్చింది. ఏడిళ్ళవాళ్ళు దిబ్బెక్కారు. ఇంటికి మూడువందల అరవై. అంతలో తడిసి ముద్దై ఎనిమిదో ఇంటివాళ్ళొచ్చారు. అందరూ చేపలు మళ్ళీ కుప్పపోశారు. మూడువందల పదిహేను. తొమ్మిదో ఇల్లొచ్చింది. రెండువందల ఎనభై. పదో ఇల్లొచ్చింది. రెండువందల యాభైరెండు.

"మిగిలిందా?"

"మిగల్లేదు."

బయట గాలి హోరు. లోపల జనం పండగపూట నవ్వినట్టు నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. నవ్వుతూనే తమ్ముణ్ణి తలుచుకుని కళ్ళు తుడుచుకుంది.

కొన్నేళ్ళకి నూకాలు కన్నుమూసింది. ఆ తర్వాతి గాలివానకి పదకొండిళ్ళవాళ్ళు దిబ్బెక్కారు. పంచితే ఒకే ఒక్క చేప మిగిలింది. అందరి చూపూ దాని మీదే.

ఎర్రయ్య కోడలు లేచి ఆ చేపని గుమ్మం పక్కన పెట్టింది.

"ఇది మా నూకాలమ్మది" అంది. ఎవరూ కాదనలేదు.

ఇప్పటికీ ఆ తీరంలో వాటాలేశాక ఏదైనా మిగిలితే ఎవరూ చెయ్యి చాపరు. "నూకాలుది" అని గుమ్మం దగ్గర పెడతారు. ఆలస్యంగా, ఆకలితో ఎవరొస్తే వాళ్ళు అది తింటారు.