కుంభగిరి ఖజానా, కంకాళుడి చిలుక

ఎప్పటి మాటో గానీ, కుంభగిరి రాజ్యాన్ని మణికేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన చేతికి ఎముక లేదు. ఏటా పన్నులుగా వచ్చేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. తక్కువ పడినప్పుడల్లా ఏడు సముద్రాల అవతల ఉన్న కంకాళుడనే మాయావి దగ్గర బంగారం అప్పు తెచ్చేవాడు. అప్పు పెరిగి పెరిగి కొండంత అయింది. అప్పుడు రాజుకు భయం పట్టుకుంది. ముగ్గురు కొడుకులనూ పిలిచి, ఒక్కొక్కరికీ ఒక్కో ఏడాది ఖజానా అప్పగిస్తానని, రాబడినీ ఖర్చునూ సమానం చేసినవాడికే కిరీటమనీ చెప్పాడు.

పెద్దవాడు జయకేతుడు పన్నులు రెట్టింపు చేశాడు. నేతగాళ్లు మగ్గాలు, రైతులు నాగళ్లు బండ్లకెత్తుకుని పొరుగు రాజ్యానికి పోయారు. రాబడి సగమైంది.

నడిపివాడు విరూపసేనుడు ఖర్చులు తెగ్గోశాడు. కాలువల మరమ్మతులు ఆపేశాడు. వానాకాలంలో కాలువలు తెగి పంటలు కొట్టుకుపోయాయి. మిగిల్చిన దానికి మూడింతలు, ఆకలిగొన్న జనానికి తిండి పెట్టడానికే అయింది.

చిన్నవాడు సుధాముడు తొందరపడలేదు. ముందు కాలువలు బాగుచేయించాడు. పన్ను తగ్గించి, వెళ్లిపోయినవాళ్లను వెనక్కి పిలిచాడు. అంతవరకూ చిల్లిగవ్వ కట్టని సామంతుల చేత కట్టించాడు. తండ్రిగారి వేట ఏనుగులను కాలువ గట్లకు బండలు మోయడానికి పంపాడు. ఏడాది తిరిగేసరికి వచ్చిందీ పోయిందీ సమానమయ్యాయి. మాయావి అప్పు ఒక్కటే మిగిలింది.

ఊరంతా సుధాముడి పేరే. కిరీటానికి ముహూర్తం చూడటమే తరువాయి. విరూపసేనుడికి అన్నం సయించలేదు. పాలు తెచ్చే మనిషి కూడా, చినరాజుగారి వల్లే ఆవుకు పచ్చగడ్డి దొరుకుతోందన్నాడు. విరూపసేనుడు ఆ పాలు తాగకుండా పక్కన పెట్టేశాడు. ఏనుగుల ఆలోచన తనకెందుకు రాలేదా అని పొర్లి పొర్లి ఏడ్చాడు. చివరికి, మాయావి ఇప్పుడే వచ్చి అప్పంతా కట్టమంటే తమ్ముడి లెక్క తలకిందులవుతుంది కదా అని తోచింది.

వేట నెపంతో బయలుదేరాడు. సముద్రపు ఒడ్డున పెద్ద తాబేలొకటి వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. విరూపసేనుడు చెడ్డవాడేం కాదు, దాన్ని తిప్పి నిలబెట్టాడు. అది సంతోషించి వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు, అలా ఏడూ దాటారు. ఒడ్డు చేరాక తాబేలు ఆయాసపడుతూ, "ఏనుగు గున్నను మోసినప్పుడు కూడా నాకింత అలుపు రాలేదు. ఏం మూటగట్టుకొచ్చావు నాయనా?" అని అడిగింది. ఏమీ లేదన్నాడు విరూపసేనుడు.

కంకాళుడు అతని మాట విని నవ్వాడు. తమ్ముణ్ణి చెడగొట్టడం ఎందుకు, తమ్ముడు రాబట్టిన దానికి పదింతల బంగారం నీకే అప్పిస్తాను, కిరీటం నీదే అన్నాడు. విరూపసేనుడి గుండె ఎగిరి గంతేసింది. మాయావి బంగారం తేవడానికి లోపలికి వెళ్లాడు.

అక్కడ నీళ్లు తోడుతున్న అమ్మాయి మెల్లగా దగ్గరికొచ్చింది. ఆమె శంఖవరం రాకుమారి హేమవల్లి. ఆమె అన్నలిద్దరూ ఒకరి మీద ఒకరు పంతంతో ఇలాగే అప్పు చేశారట. ఇప్పుడు శంఖవరం అడవి. వడ్డీ కింద కంకాళుడు ఆమెను పట్టుకొచ్చాడు. మాయావి ప్రాణం ఒక చిలుకలో ఉందనీ, రాజ్యాల వడ్డీ తిని అది బలుస్తుందనీ, దాన్ని ఎక్కడ దాస్తాడో మాత్రం ఎవరికీ తెలియదనీ చెప్పింది.

"మా అన్నలూ నీలాగే కళ్లు మెరుస్తూ చెయ్యి చాపారు" అంది.

 కంకాళుడు వచ్చాక విరూపసేనుడు తాపీగా ఇలా అన్నాడు: "దారిలో ఇంకో మాయావి కనిపించాడు. ఆయన వడ్డీ తక్కువ. ఆయన చిలుక నెమలంత ఉంది. నీది పిచ్చుకంత ఉంటుందని నవ్వాడు."

అసూయ ఎక్కడ కుడుతుందో విరూపసేనుడి కంటే ఎవరికి తెలుసు? కంకాళుడి ముఖం మాడిపోయింది. మొదటిరోజు అన్నం ముట్టలేదు. రెండోరోజు, ఆ చిలుక తోక ఎంత పొడుగని మళ్లీ మళ్లీ అడిగాడు. మూడోరోజు ఉండబట్టలేక, నేలమాళిగలోంచి పంజరం తెచ్చి ముందు పెట్టాడు. బరువు చూస్తానంటే చిలుకను చేతికిచ్చాడు కూడా. విరూపసేనుడు దాని కాలు విరిచాడు, మాయావి కుంటివాడయ్యాడు. రెక్క విరిచాడు, చెయ్యి పడిపోయింది. మెడ నులిమాడు, మాయావి బూడిదయ్యాడు.

అక్కడున్న బంగారాన్ని ఏ రాజ్యానిది ఆ రాజ్యానికి చేర్చుకుంటూ, హేమవల్లితో కుంభగిరి వచ్చాడు. అప్పు తీరిపోయిందని విని మణికేతుడు కిరీటం తీసి అతని తల మీద పెట్టబోయాడు. విరూపసేనుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను వెళ్లింది నీ లెక్క చెడగొట్టడానికి, తమ్ముడూ. ఉన్న అప్పు నావల్ల పోయింది. మళ్లీ అప్పు పుట్టకుండా చూడటం నీకే చేతనవుతుంది" అని కిరీటం సుధాముడికి పెట్టించాడు. సుధాముడు అన్న కాళ్లకు దణ్ణం పెట్టాడు.

విరూపసేనుడు హేమవల్లిని పెళ్లాడి శంఖవరం వెళ్లాడు. ఇద్దరూ అడవి కొట్టించి, ఊళ్లు కట్టించి, రాబడికి తగ్గట్టు ఖర్చు పెడుతూ తలలు నెరిసేదాకా ఏలారు. తమ్ముడి రాజ్యంలో పంట ఎక్కువ పండిందని కబురొచ్చిన రోజు మాత్రం ఆయనకు కడుపులో కాస్త మండేది.  మర్నాడు పొద్దున్నే లేచి ఇంకో కాలువ తవ్వించడానికి వెళ్లేవాడు. అందుకేనర్రా, శంఖవరంలో నీళ్లందని చేను ఒక్కటీ లేకుండా పోయింది.