బలం తాగిన ఇరుసు

కొండకోట రాజుగారి బండి తోలే ఓబులేసుకు గుండెలో రాయి పడింది. ఆస్థాన పండితుడు మార్తాండశాస్త్రి ఎద్దులక్కర్లేని బండి చేశాడట! కొండ దిగేటప్పుడు చక్రాలు ఒక ఇనుపచుట్టను బిగిస్తాయి, ఎక్కేటప్పుడు ఆ చుట్టే విచ్చుకుంటూ బండిని లాగుతుంది.

"దిగిన బలమంతా తిరిగొస్తుంది ప్రభూ! ఎద్దుల్ని అమ్మేయండి," అన్నాడు శాస్త్రి.

రాజుగారు ముచ్చటపడి శాస్త్రితో సహా బండెక్కారు. ఓబులేసు తన ఎద్దుల్ని తోలుకుంటూ వెనకే నడిచాడు. బండి ఝామ్మని దిగింది. తిరిగి ఎక్కుతూ సగం కొండ దగ్గర చతికిలబడింది.

"మిగతా బలం ఏమైంది?" అన్నారు రాజుగారు.

"ఈ బండివాడే కాజేసుంటాడు ప్రభూ!"

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం చేతులు కట్టుకుని, "దొంగను నేను పట్టిస్తాను దొరా. శాస్త్రిగారిని ఆ ఇరుసు ముట్టుకోమనండి," అన్నాడు.

శాస్త్రి ముట్టుకుని, "అబ్బా!" అంటూ చెయ్యి విదిలించాడు.

"పోయిన బలం అదే దొరా. ఇరుసు తాగి వేడెక్కింది. ఆ వేడిని పట్టి మళ్లీ చుట్టలో పెట్టమనండి, నా ఎద్దుల్ని నేనే అమ్మేస్తాను."

రాజుగారు వంగి, తామూ వేలితో తాకి చూసుకున్నారు. "సగం కొండెక్కడమూ గొప్పేలే శాస్త్రీ. మరి మిగతా సగానికి?"

"అందుకేగా దొరా, వీటిని వెంట తెచ్చాను," అంటూ ఓబులేసు కాడి ఎత్తాడు.