దొరగారి బదులు నడక

వెలగవాడ దొర విరూపాక్షరాజుకు వాతం పట్టి కాలి బొటనవేలు వాచింది. మందులకు వాపు తగ్గింది గానీ కీళ్లు బిగుసుకుపోయాయి. "రోజూ మెల్లగా నాలుగడుగులు వేయండి, అవే సడలుతాయి" అన్నాడు వైద్యుడు.

"దొరలు నడుస్తారటయ్యా?" అంటూ రాజుగారు పల్లకీ మోసే బోయీ గంటయ్యను పిలిచి, "ఒరే, నా బదులు నువ్వు నడువు" అన్నారు.

గంటయ్య నెల్లాళ్లు తోటంతా తిరిగాడు. దొర కాలు ఇసుమంతైనా వంగలేదు.

"దొంగ నడక నడిచావురా! రేపు నీకు కొరడా దెబ్బలే."

"చిత్తం" అని గంటయ్య దొర ముందున్న బూరెల పళ్లెం అందుకున్నాడు.

"అదేంట్రా?"

"నేను నడిస్తే తమ కాలు బాగుపడాలి గదా బాబయ్యా! అలాగే నేను తింటే తమ కడుపు నిండుతుందేమో చూద్దాం."

దొర ఉగ్రుడై లేచారు. గంటయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. దొర ఒకడుగు ముందుకు వేశారు. అలా తిట్టుకుంటూ, మూలుగుతూ, చావడి అంతా మూడు చుట్లు తిరిగారు. అప్పుడు గంటయ్య వంగి పళ్లెం చేతికిచ్చాడు.

"ఇవాళ్టి నడక తమరిది, బూరెలూ తమరివే. రేపు కొరడా దెబ్బలకు రానా, పళ్లెం పట్టుకోడానికి రానా?"

దొర బూరె కొరుకుతూ కాలివేళ్లు కదిపి చూసుకున్నారు.

"పళ్లేనికే రా. కానీ మరీ అంత జోరుగా వెనక్కి పోకురా, వెధవా!"